కోలాటం కర్రలు, బాబాయిగారి బొటనవేలు



దసరా రోజుల్లో మన హాలులో పిల్లల కోలాటం చూసిన చాలామంది, ఆ కర్రలు ఎక్కడ కొన్నారని మమ్మల్ని అడిగారు. అవి కొన్నవి కావు. న్యూటన్‌లో ఒక ఇంటి గ్యారేజీలో, మన ఆలయానికి చెక్కపని సేవ చేసే నలుగురం కలిసి లేత్ పట్టినవి. అంత తేలిగ్గా తయారైపోలేదు. మధ్యలో పని ఆగింది, ఒక యంత్రం వచ్చింది. చేతినొప్పితో ఇష్టమైన పని మానుకున్న పెద్దలు మన కుటుంబాల్లో ఇంకొందరు ఉంటారు కనుక ఆ సంగతి రాస్తున్నాం.

మాలో లేత్ పని నిజంగా వచ్చినది ఒక్కరికే. అందరం బాబాయిగారు అంటాం. యలమంచిలి దగ్గరి ఊరు వారిది. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకుని పిల్లల దగ్గరికి సర్రీ వచ్చాక ఈ పని నేర్చుకున్నారు. ఈసారి ఇరవైనాలుగు మంది పిల్లలు, అంటే నలభై ఎనిమిది కర్రలు. తొమ్మిదో కర్ర దగ్గర ఆయన బొటనవేలు మొరాయించింది. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర లేచేవారట. డాక్టరు చూసి, గట్టిగా పట్టి చేసే పనులు తగ్గించమన్నారు. మర్నాడు మేం వెళ్లేసరికి లేత్ మీద పాత పంచె కప్పేసి ఉంది. “ఇంక ఉలి పట్టను లెండి, కర్రలు ఎక్కడైనా కొనుక్కోండి” అన్నారు. ఆ మాటన్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాం.

అసలు లేత్ చేతిని అంతగా ఎందుకు బాధిస్తుంది? తిరిగేది కర్ర, ఉలి కదలకుండా పట్టుకోవాల్సింది మనం. నలుపలకల కర్ర నిమిషానికి వెయ్యిసార్లు తిరిగితే, దాని అంచులు ఉలిని నాలుగు వేలసార్లు కొడతాయి. ఆ దెబ్బలన్నీ పిడికిలి కాయాలి. కర్ర గుండ్రమయ్యాక దెబ్బ తగ్గుతుంది కానీ అదురు పోదు. పైగా గాళ్లు తీసేటప్పుడు మణికట్టు వంచి తిప్పుతూనే ఉండాలి. చలికాలంలో తేమపట్టిన గ్యారేజీలో చల్లబడిన వేళ్లకు ఇది మరీ కష్టం. ఒక కర్రకు ఏమీ అనిపించదు. వరసగా పది ఒకేలా తీయాలంటే, కొలత తప్పకూడదన్న భయంతో తెలియకుండానే పట్టు బిగుస్తుంది.

బాబాయిగారు చిన్నప్పుడు చూసిన ఏటికొప్పాక బొమ్మల పని గురించి ఈ సందర్భంలోనే చెప్పారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం ఏళ్లతరబడి కృషి చేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన ఇళ్లలో బొమ్మల కొలువులో ఆ ఊరి బొమ్మ ఒకటైనా ఉంటుంది. అక్కడ వాడేది అంకుడు కర్ర. మెత్తన, ఉలికి వెన్నలా లొంగుతుంది. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టేస్తుంది. చేతికి శ్రమ తగ్గడంలో సగం ఆ కర్ర చలవే. కోలాటం కర్రకు మాత్రం మెత్తన పనికిరాదు, చప్పుడు మోగదు. ఇక్కడ దొరికే మేపుల్ గట్టిది, ఖణేల్మంటుంది, కానీ చేతిని పిండేస్తుంది.

కొనుక్కోమన్నారని మేం కొనలేదు. ఒక మిత్రుడి దగ్గర మూలన పడి ఉన్న లేత్ డూప్లికేటర్ అడిగి తెచ్చాం. అర్థం చేసుకుంటే చాలా మామూలు యంత్రం. లేత్ పక్కన పట్టాల మీద అటూ ఇటూ జరిగే ఒక బల్ల ఉంటుంది. దాని మీద చిన్న కోత ముక్క బిగించి ఉంటుంది, దానికి జతగా ఒక పిన్ను. పిన్ను ముందు నమూనా పట్టీ ఉంటుంది, అంటే కర్ర అంచు గీత ప్రకారం కోసిన ప్లైవుడ్ ముక్క. బల్లను లోపలికి నెడితే పిన్ను పట్టీకి తగిలేదాకే కోత సాగుతుంది, ఆపైన కదలదు. పట్టీ వెంట జరుపుకుంటూ పోతే అదే ఆకారం కర్రలో దిగుతుంది. తాళంచెవికి నకలు తీసే మిషను చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఆలోచన పాతదే. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ అనే ఆయన తుపాకీ మడమలకు ఒకేలాంటి నకళ్లు తీసే లేత్‌కు 1819లో పేటెంటు పొందాడు.

చేతికి లాభం ఎక్కడంటే, దెబ్బలు ఇప్పుడు పిడికిలికి కాక ఇనుప బల్లకు తగులుతాయి. రెండు గుబ్బలను అరచేతులతో నెడితే చాలు, వేళ్లు బిగించనక్కర్లేదు. బలం భుజాల నుంచి, నిలబడిన కాళ్ల నుంచి వస్తుంది. కొలత చూసుకునే పని పట్టీది కనుక బెదురు కూడా ఉండదు.

మొదటి రోజు మేం చేసినవన్నీ పొయ్యిలోకే. నలుపలకల కర్రను నేరుగా పెట్టాం, కోత ముక్క ఇరుక్కుని కర్ర ఎగిరి పడింది. ముందు గుండ్రం చేసుకోవాలని అప్పుడు తెలిసింది. ఆ పని మాలో చిన్నవాళ్లం పంచుకున్నాం. తర్వాత గాళ్లు నిండుగా తెగలేదు. పిన్ను మొన కోత మొనకన్నా లావుగా ఉండటమే కారణం. రెండింటి గుండ్రం ఒకటే కావాలి. పట్టీలో ఒక్క మిల్లీమీటరు తప్పు ఉంటే కర్ర లావులో రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, ఎందుకంటే కర్ర అన్ని వైపులా తెగుతుంది. లావు నుంచి సన్నానికే జరపాలి, ఒక్కసారిగా లోతుకు పోకూడదు. సన్నటి పొడుగు కర్ర మధ్యలో ఊగుతుంది కనుక అక్కడ మరీ నెమ్మదిగా వెళ్లాలి.

ఒక మాట దాచకూడదు. డూప్లికేటర్ కర్రను గీకుతుందే కానీ మంచి ఉలిలా నున్నగా చెక్కదు. నూగు మిగులుతుంది, గరుకు కాగితం ఎక్కువ పట్టాలి. ఆ కాగితం నొక్కేది మళ్లీ బొటనవేలే! ఉలి దగ్గర మిగిల్చిన వేలిని కాగితానికి అప్పగించినట్టయింది. చివరికి కోత ముక్క పదును మార్చి, ఆఖరి కోత కాగితమంత పలచగా తీసి, గరుకు కాగితాన్ని స్పాంజి ముక్క మీద పెట్టి అరచేత్తో కర్ర అడుగున ఆనించాం. కాగితాన్ని వేళ్లకు చుట్టి మాత్రం ఎప్పుడూ పట్టకండి, లాగేస్తుంది. ముక్కుకు మాస్కు తప్పదు. ఇక్కడ అందరూ చవగ్గా తెచ్చుకునే రెడ్ సీడార్ పొడి కొందరికి ఆస్తమా తెప్పిస్తుందని వైద్యులు ఎప్పుడో గుర్తించారు.

నాలుగైదు వస్తువుల కోసం ఈ యంత్రం దండగ. బిగించి సరిచూసేసరికే పూట గడిచిపోతుంది. డజన్ల లెక్కన కావాలంటేనే దీని అవసరం. ఉలి పదును పెట్టుకోవడం, పిడి లావుగా చేసుకోవడం, ఉలి ఆనించే కడ్డీని కర్రకు దగ్గరగా జరుపుకోవడం, ఇరవై నిమిషాలకోసారి చేయి దించడం ముందు చేయాల్సినవి. తిమ్మిరి ఉంటే డాక్టరును చూడటం వీటన్నిటికన్నా ముందు.

యంత్రం ఆకారాన్ని దించుతుంది, బరువును దించలేదు. ఒకే కొలతున్న రెండు కర్రలు తూకంలో తేడా వచ్చాయి. పలకను బట్టి చెక్క సాంద్రత మారుతుంది. పక్కపక్కన కోసిన ముక్కలనే జతకట్టమని చెప్పింది బాబాయిగారే. ఆయన ఒక్కొక్క జత చెవి దగ్గర తట్టి చూసి, మోత కలవనివి విడదీసి, వేరే జత కట్టారు. పట్టీకి మూలమైన మొదటి కర్ర కూడా ఆయన నొప్పి రాకముందు చేత్తో తీసినదే. దాని నడుమున మూడు గాళ్లు కొంచెం ఎడంగా ఉంటాయి. నలభై ఎనిమిదింటిలోనూ ఆ ఎడం అలాగే వచ్చింది.

లేత్ మీద పంచె ఇప్పుడు లేదు. వారానికి రెండు పూటలు, పూటకు గంట చొప్పున ఆయన గుబ్బలు నెడుతున్నారు. సంక్రాంతికి కుంకుమ భరిణెలు చేద్దామంటున్నారు. బయటి ఆకారం డూప్లికేటర్ తీస్తుంది కానీ లోపల తొలవడానికి ఉలే కావాలి, అది మాలో ఒకరు నేర్చుకోవాలి. నేర్చుకుంటామని ముందుకొచ్చే యువకులు, యువతులు శనివారం పూజ అయ్యాక మమ్మల్ని కలవండి. పెరట్లో మేపుల్ కొట్టించినవారు దుంగలు పారేయకుండా ఒక మాట చెప్పండి, మేమే వచ్చి తీసుకెళ్తాం.