చిన్న చక్రము, మెత్తని ప్రయాణము

నేడు కారు కొనువారిలో పలువురు, విశేషించి యువకులు, చక్రముల సొంపును చూచి మురియుచున్నారు. చక్రమునందలి లోహభాగము ఎంత పెద్దదై, దానిని చుట్టియున్న నల్లని రబ్బరు ఎంత సన్ననిదైన, కారు అంత ఠీవిగా నుండునని వారి యభిప్రాయము. అందమును గూర్చి వాదులాడుట మా యుద్దేశము కాదు. కాని యా యందమునకు వెల చెల్లించునది లోపల కూర్చున్నవారి నడుము. హోసూరునుండి డెంకణికోటకును, తళికిని, అటనుండి పల్లెలకును పోవు బాటలలో వృద్ధులను, గర్భిణులను, రోగులను కారులో కొనిపోవు కుటుంబములు మన పాఠశాలకు బిడ్డలను పంపువారిలో అనేకములు కలవు. పెద్ద చక్రములను తీసివేసి చిన్న చక్రములను బిగించినచో ప్రయాణము మెత్తనగునను మాట వారి చెవిని కూడ పడుచున్నది. అది యెంతవరకు నిజమో, ఎందువలన నిజమో వివరింప దలచితిమి.

ఈ విషయమును మా దృష్టికి తెచ్చినవారు ఒక విద్యార్థి తండ్రి. వారు కుమారుని ముచ్చట తీర్చుటకై తమ కారునకు 17 అంగుళముల చక్రములు వేయించిరి. తరువాత వారి తల్లికి తుంటి యెముక శస్త్రచికిత్స జరిగినది. ఆమెను మాటిమాటికి బెంగుళూరు ఆసుపత్రికి కొనిపోవలసి వచ్చెను. ప్రతి గుంతయొద్దను ఆ వృద్ధురాలు పండ్లు బిగించి బాధ నోర్చుకొనెడిది. తుదకు వారు అటకపై నున్న పాత 14 అంగుళముల చక్రములను దింపి బిగింపించిరి. ఆ మీదట తల్లి దారిలో కునుకు తీయగలిగినది. అప్పుడు వారు మమ్ము అడిగిన ప్రశ్న యిది: “అయ్యవారూ, రోడ్డు మారలేదు, స్ప్రింగులు మారలేదు. బండికి చక్రమెంత పెద్దదైతే గుంత అంత సులువుగా దాటుతుందని మా తాత చెప్పేవాడు. మరి ఇదేం తిరకాసు?”

ఆ తాతగారి మాట అబద్ధము కాదు. నాటుబండి చక్రము కొయ్యతో చేయబడి, చుట్టును ఇనుప పట్టా బిగింపబడినది. అది వంగదు, నొక్కుకొనదు. అట్టి గట్టి చక్రము గుంతలో ఎంత దిగునో దాని వ్యాసమునుబట్టి యుండును. 30 సెంటీమీటర్ల వెడల్పుగల గుంత యున్నదనుకొందము. 150 సెంటీమీటర్ల వ్యాసముగల బండిచక్రము దానిలోనికి ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే దిగును. 60 సెంటీమీటర్ల వ్యాసముగల గట్టి చక్రమైనచో నాలుగు సెంటీమీటర్లు దిగును. పైథాగరస్ సిద్ధాంతమును చదివిన విద్యార్థులు దీనిని తామే సాధింపగలరు.

అట్లయినచో కారు విషయమున తిరకాసు ఎచ్చట నున్నది? “పెద్ద”, “చిన్న” అను మాటలలో నున్నది. కారు చక్రమును 17 అంగుళములనియు 14 అంగుళములనియు చెప్పునప్పుడు మనము చక్రము మొత్తమును కొలుచుటలేదు. టైరు కూర్చుండు లోహపు రిమ్ముయొక్క వ్యాసమును మాత్రమే కొలుచుచున్నాము. రిమ్ము మారినను, టైరుతో కూడిన వెలుపలి వలయము ఇంచుమించు మారకుండ చూచుకొనవలయును. కనుక గుంతను దాటు వలయము రెంటియందును ఒకటే. లోపలి లోహము తగ్గినంత మేర రబ్బరును గాలియు పెరుగుచున్నవి.

టైరు ప్రక్కన అచ్చువేయబడిన గుర్తులను చదువ నేర్చినవారికి ఈ సంగతి తేటపడును. మన యూరి టైరు కొట్లలో తమిళము, కన్నడము, తెలుగు మూడును వినబడుచుండును గాని, ఆ యంకెలు మాత్రము అందరకు నొక్కటే. 185/65 ఆర్ 15 అని యున్నదనుకొందము. 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా టైరుయొక్క ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులని. ఆర్ అను నక్షరము రేడియల్ జాతి టైరని తెలుపును. 15 రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఒక కొలత మిల్లీమీటర్లలోను మరియొకటి అంగుళములలోను ఏల యుండవలయునని పిల్లలు అడుగుదురు. అది లోకమందంతట పాతుకొనిపోయిన యాచారము, అంతకంటె గొప్ప కారణ మేమియు లేదు.

ఇప్పుడు లెక్క చూతము. 2018లో మన దేశమున వెలువడిన మారుతి స్విఫ్టు కారునకు తక్కువ వెలగల రకములలో 165/80 ఆర్ 14 టైర్లును, ఎక్కువ వెలగల రకములలో 185/65 ఆర్ 15 టైర్లును అమర్చబడెను. మొదటిదాని రిమ్ము 14 అంగుళములు, అనగా 355.6 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ 165లో నూటికి 80 వంతులు, అనగా 132. అది పైనను క్రిందను ఉండును గనుక రెట్టింపు 264. మొత్తము 619.6 మిల్లీమీటర్లు. రెండవదాని రిమ్ము 381, ప్రక్కగోడలు రెండును కలసి 240.5, మొత్తము 621.5. రెంటికిని భేదము రెండు మిల్లీమీటర్లు కూడ లేదు! వెలుపల నొకటే చక్రము. లోపల మాత్రము 14 అంగుళముల దానికి ప్రక్కగోడ ఇంచుమించు 12 మిల్లీమీటర్లు ఎత్తు. ఇక 17 అంగుళముల రిమ్ముపై తరచుగా వేయు 205/45 టైరును తీసికొనినచో దాని ప్రక్కగోడ 92 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ వృద్ధురాలికి కునుకు పట్టించినది ఈ నాలుగు సెంటీమీటర్ల యెత్తుగల గాలియే.

గాలికి ఇంతటి మహిమ ఎట్లు కలిగినది? 1845లో రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు గాలినింపిన చక్రమునకు పేటెంటు పొందెను గాని, అది నాడు వాడుకలోనికి రాలేదు. బెల్‌ఫాస్టు పట్టణమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్, 1887లో తన చిన్న కుమారుని మూడుచక్రముల బండికి రబ్బరు గొట్టమును చుట్టి గాలి నింపెను. అంతకు పూర్వము ఆ బండి గట్టి చక్రములు రాళ్లబాటపై బాలుని ఎగురవేయుచుండెడివి. మరుసటి సంవత్సరము ఆయన పేటెంటు పొందెను. థామ్సన్ ముందే కనిపెట్టియుండుటచేత ఆ పేటెంటు తరువాత చెల్లకపోయినది. అయినను లోకము డన్‌లప్ పేరునే యెరుగును. మేము గమనింప గోరునది వేరొకటి. గాలిటైరు వాడుకలోనికి వచ్చినది వేగముకొరకు కాదు, ఒక పిల్లవాని సుఖముకొరకు.

కారు బరువును మోయునది రబ్బరని చాలమంది తలంతురు. నిజమునకు దానిలో అత్యధిక భాగమును మోయునది లోపల బంధింపబడిన గాలి. మనుష్యులతో కూడ 1200 కిలోగ్రాముల కారు అనుకొన్న, ఒక్కొక్క చక్రముమీద సుమారు 300 కిలోగ్రాములు, అనగా 660 పౌనులు పడును. గాలి పీడనము చదరపు అంగుళమునకు 33 పౌనులు. 660ని 33చే భాగించిన 20 వచ్చును. కావున చక్రము నేలను తాకుచున్న చోటు ఇంచుమించు ఇరువది చదరపు అంగుళములు, పెద్దవాని అరచేయి వ్రేళ్లతో కూడ ఎంతయో అంత. నాలుగు అరచేతులపై కారు పరుగెత్తుచున్నది! రాయి అడ్డము వచ్చినప్పుడు ఆ చోటున టైరు లోనికి నొక్కుకొనును, ప్రక్కగోడ ఉబ్బి వంగును, రాయి గడచినంతనే మరల నిటారగును. ఈ వంగుటకు చోటుండవలయును. ప్రక్కగోడ పొట్టిదైనచో వంగుటకు చోటు చాలదు. పైగా రిమ్ము రాతికి తగులకుండుటకై దానిని మిక్కిలి బిరుసుగా తయారుచేయుదురు. అప్పుడు దెబ్బ తిన్నగా స్ప్రింగులకును, అటనుండి వెన్నెముకకును ఎక్కును.

ఆ నొప్పి సంగతి యట్లుండ, పొట్టి టైరు గుంత అంచున పడినప్పుడు రబ్బరు రిమ్మునకును నేలకును నడుమ నలిగి లోపలి నూలు తెగుట కలదు. తరువాత ప్రక్కన బుడిపె లేచును. అట్టి టైరు ఎప్పుడు ప్రేలునో చెప్పరాదు. దానిని వెంటనే మార్పింపవలయును. రిమ్ము సొట్టపడుటయు తరచుగా జరుగుచున్నదే. టైర్ల వెలయు రిమ్ముతోపాటు పెరుగుచుండును గనుక సంసారికి ఇదియు నొక భారము.

మరియొక కారణమును చెప్పవలసియున్నది. కారులో కొంత బరువు స్ప్రింగులకు పైన నుండును, కొంత క్రింద నుండును. చక్రము, టైరు, బ్రేకు క్రిందివి. క్రింది బరువు హెచ్చినకొలది దాని జడత్వము హెచ్చును. గుంత గట్టుపై ఎగిరిన బరువైన చక్రమును స్ప్రింగు త్వరగా అణపలేదు. అది పైనున్న శరీరమును కుదుపును. తేలికచక్రము నేలను అంటిపెట్టుకొని పోవును. అయితే చిన్నదెల్ల తేలిక యని యెంచరాదు. చిన్న ఉక్కు రిమ్ము కంటె మంచి మిశ్రలోహపు రిమ్ము ఒక్కొక్కప్పుడు తేలికగా నుండవచ్చును. తూచి చూచిన గాని తెలియదు.

పెద్ద రిమ్ము కేవలము వేషమేనా యన్న, కాదు. వేగముగా పోవు కార్లకు పెద్ద బ్రేకు పళ్లెము కావలయును. అది యిముడుటకు పెద్ద రిమ్ము కావలయును. పొట్టి ప్రక్కగోడ మలుపులో తక్కువగా వాలును, స్టీరింగు త్రిప్పినంతనే చక్రము మాట వినును. ఎత్తైన ప్రక్కగోడగల టైరుతో మలుపులో కారు కొంచెము తూలినట్లు తోచును. బాడుగకు తిరుగువారికిని, ఇంటిల్లిపాదిని కొనిపోవువారికిని ఈ నష్టము స్వల్పమని మా యభిప్రాయము.

ఇక జాగ్రత్తల మాట. చిన్న రిమ్ము వేయదలచినవారు మొదట డ్రైవరు తలుపు ప్రక్క కంబమునందో, కారుతో నిచ్చిన పుస్తకమునందో చూడవలయును. తయారీదారు ఆ కారునకు అంగీకరించిన టైరు కొలతలు అచ్చట నుండును. అదే కారుయొక్క తక్కువ వెల రకమునకు వేసిన చక్రము సాధారణముగా సురక్షితమైన మార్గము. అయినను మీ రకమునకు ముందరి బ్రేకు పెద్దదైనచో చిన్న రిమ్ము దానికి తగులవచ్చును. అట్లు తగిలినచో ఆ యాలోచన మానుకొనవలసినదే. బోల్టుల సంఖ్యయు, వాని నడిమి దూరమును, నడిమి రంధ్రమును సరిపోవలయును.

టైరుపై కొలతల తరువాత మరియొక యంకె యుండును. అది యా టైరు మోయగల బరువునకు సంకేతము. 88 అన్న 560 కిలోగ్రాములు, 85 అన్న 515, 79 అన్న 437. తయారీదారు చెప్పినదానికంటె తక్కువ యంకెగల టైరును చౌకగా వచ్చినదని ఎన్నడును కొనరాదు.

అన్నిటికంటె పెద్ద పొరపాటు, రిమ్మును తగ్గించి ప్రక్కగోడను పెంచకుండుట. పై కారునకే 165/65 ఆర్ 14 టైరు వేసితిమనుకొందము. వెలుపలి వ్యాసము 570 మిల్లీమీటర్లకు పడిపోవును. కారు గర్భము నేలకు 26 మిల్లీమీటర్లు దగ్గరగును. వేగమును చూపు ముల్లు 60 చూపుచుండగా నిజవేగము 55 మాత్రమే యుండును. ఎత్తైన గాలి దొరకదు, గుంతలో మరింత దిగును. మనము కోరిన సుఖము రాకపోగా తాతగారి బండిచక్రపు న్యాయము మనపైననే తిరుగును. వెలుపలి వ్యాసమున నూటికి రెండు మూడు పాళ్లకు మించి భేదము రానీయకుండుట మంచిది. నాలుగు చక్రములును ఒకే కొలతవి కావలయును.

అసలు చక్రములను మార్చుటకు ముందు కాసు ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. ప్రాతఃకాలమున కారు కదలకమునుపు, టైర్లు చల్లగా నున్నప్పుడు గాలిని కొలిపింపవలయును. “పది కాలాలు ఆగుతుంది” అని గాలిని మితిమించి కొట్టువారు కలరు. అట్టి టైరు రాయివలె గట్టిపడి కుదుపును. దానికి విరుగుడుగా, మెత్తదనముకొరకై చెప్పిన కొలతకంటె గాలి తగ్గించి నడపుట మరింత యపాయకరము. తక్కువ గాలి గల టైరు అధికముగా వంగి వంగి వేడెక్కి, ఎండకాలమున రాజమార్గముపై ప్రేలిపోవును. షాక్ అబ్సార్బర్లు అరిగిపోయినచో ఏ చక్రము వేసినను కుదుపు పోదు.

అటకమీదనుండి దింపిన పాత టైర్లను వేయువారు వాని వయస్సును కూడ చూడవలెను. ప్రక్కగోడమీద నాలుగంకెల గుర్తు ఒకటి యుండును. 2321 అని యున్నచో 2021వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. వాడకపోయినను రబ్బరు ఏండ్లు గడచినకొలది బిరుసెక్కి పగుళ్లువారును. రిమ్ము పాతదైనను పరవాలేదు. టైరు క్రొత్తది కావలయును. వెనుక పెట్టెలో నున్న అయిదవ చక్రమునకును ఇదియే వర్తించును. దానిని తలచువారు మిక్కిలి యరుదు.