నిప్పుల గుంట దాటి వచ్చిన అన్నకుట్టి

కేరళలో, కొట్టాయం జిల్లాలో, మీనచ్చిల్ ఏటి పక్కన భరణంగానం అని ఓ చిన్న ఊరుంది. ఏటా జూలై 28న ఆ ఊరు జనంతో కిటకిటలాడుతుంది. క్రైస్తవులే కాదు, హిందువులూ ముస్లిములూ వస్తారు. ఎవరి కోసమనుకున్నారు? ముప్పయ్యారేళ్ళు నిండకుండానే 1946లో కన్నుమూసిన ఓ సన్యాసిని సమాధి కోసం!

ఆమె అసలు పేరు అన్నకుట్టి. 1910లో కుడమాళూరులో పుట్టింది. పసిగుడ్డుగా ఉండగానే తల్లి పోయింది. తర్వాత తల్లి తోబుట్టువు ఇంట్లో పెరిగింది. ఆ ఇంట క్రమశిక్షణ ఎక్కువ. పదమూడేళ్ళ వయసుకే పెళ్ళి మాటలు మొదలయ్యాయి. ఆ పిల్లకేమో సన్యాసినుల మఠంలో చేరాలని ఉంది. కాస్త కాలితే ఎవరూ చేసుకోరులే అనుకుని, 1923లో ఊక కాలుతున్న గుంటలో కాలు పెట్టబోయింది. పట్టుతప్పి పడిపోయింది. పాదాలు బాగా కాలిపోయాయి.

1927లో భరణంగానం క్లారిస్టు మఠానికి చేరింది. అల్ఫోన్సా అయింది. వాకక్కాడు బళ్ళో కొన్నాళ్ళు పాఠాలు చెప్పింది. తక్కిన కాలమంతా జబ్బులతోనే సరిపోయింది. పోయాక ఆమె సమాధి దగ్గరికి ముందుగా చేరింది బడిపిల్లలేనట. 1986లో కొట్టాయంలో జాన్ పాల్ పోపుగారు ఆమెను ధన్యురాలిగా, 2008లో బెనెడిక్ట్ పోపుగారు పునీతురాలిగా ప్రకటించారు. భారతదేశంలో పుట్టిన స్త్రీలలో ఆ గౌరవం పొందిన మొదటామె ఈవిడే.

అందరూ ఆమె ఓర్పునే తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ ఊకగుంటే కళ్ళల్లో మెదులుతుంది. 'నాకీ పెళ్ళొద్దు' అన్న మాట వినేవాళ్ళుంటే ఆ పిల్ల నిప్పుల దాకా వెళ్ళేదా చెప్పండి?

చిత్రమేమిటంటే, 1909లో పుట్టిన లలితాంబికా అంతర్జనం కోడలిగా వచ్చింది ఆ చుట్టుపక్కల ఉన్న రామపురానికే. నంబూద్రి ఇళ్ళల్లో ఘోషా చాటున మగ్గిన ఆడవాళ్ళ బాధని ఆవిడ కథలుగా రాసింది. ఒకరు మఠంలో, ఒకరు సంసారంలో. మతాలు వేరు, దారులు వేరు. గడపలు మాత్రం ఒకేలాంటివి!

భరణంగానం వెళ్తే కొవ్వొత్తి వెలిగించి రండి, మంచిదే. కానీ ఇంట్లో ఆడపిల్ల 'అమ్మా, నాకిప్పుడే వద్దే' అన్నప్పుడు 'నీకేం తెలుసు, ఊరుకో' అనకుండా, పక్కన కూచోబెట్టుకుని పూర్తిగా వినండి. అన్నకుట్టికి ఆనాడు కావలసింది అదే.