బరువు తగ్గే ఇంజెక్షన్: ఏ ఇబ్బందిని ఓర్చుకోవచ్చు, దేన్ని ఓర్చుకోకూడదు?

డాక్టర్ సలహాతో వారానికోసారి మౌంజారో (టిర్జెపటైడ్) లేదా వెగోవీ (సెమాగ్లుటైడ్) వేసుకుంటున్నారా? మన దేశంలో ఈ రెండూ 2025లో అమ్మకానికి వచ్చాయి. మొదటి వారాల్లోను, డోసు పెంచినప్పుడల్లా వికారం, విరేచనాలు లేదా మలబద్ధకం కనిపించడం మామూలే. మందు ఆకలిని తగ్గించడమే కాదు, తిన్నది కడుపులోంచి కిందికి దిగడాన్నీ నెమ్మది చేస్తుంది.

అందుకే మొదట మార్చాల్సింది కంచం. కొంచెం కొంచెంగా, నెమ్మదిగా తినండి. కడుపు నిండిందనిపించగానే ఆపేయండి, పారేయడం ఎందుకని మిగిలిన ముద్ద కూడా తినకండి. పూరీ, బజ్జీ, బిర్యానీ లాంటి నూనె సరుకు వికారాన్ని పెంచుతుంది. ఇడ్లీ, పెసరకట్టు, మజ్జిగన్నం తేలిగ్గా ఉంటాయి. ఆకలి లేదని పస్తులుండొద్దు. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గిపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. తిన్న వెంటనే పడుకోకండి.

డోసు విషయంలో తొందర వద్దు. టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాములతో, సెమాగ్లుటైడ్ 0.25తో మొదలవుతాయి. కనీసం నాలుగు వారాలకోసారి మాత్రమే పెంచుతారు. ఇబ్బంది తగ్గకపోతే పెంచడం వాయిదా వేయమని అడగండి, డాక్టర్లు అలా చేస్తారు. పెళ్లి భోజనాలున్న వారంలో డోసు పెంచుకోకపోవడమే మేలు.

వాంతులు, విరేచనాలు ఆగకపోతే అసలు ప్రమాదం ఒంట్లో నీరు తగ్గడం. అది కిడ్నీల మీద పడుతుంది. మన ఎండాకాలంలో ఇంకా త్వరగా పడుతుంది. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం ఓఆర్ఎస్ కలుపుకొని గుక్కగుక్కగా తాగండి. నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడేవారికి షుగర్ పడిపోవచ్చు. వణుకు, చెమటలు వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగండి. ఆ మందులను ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

కడుపు పైభాగంలో తగ్గని తీవ్రమైన నొప్పి, అది వీపులోకి పాకడం క్లోమం వాపు లక్షణం కావచ్చు. కుడి పక్కటెముకల కింద నొప్పితో జ్వరం, కళ్లు పచ్చబడటం పిత్తాశయంలో రాళ్ల వల్ల కావచ్చు. వీటిని గ్యాస్ అనుకొని మాత్ర మింగి పడుకోకండి. తర్వాతి ఇంజెక్షన్ వేసుకోకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు ఈ ఇంజెక్షన్ సంగతి ముందే చెప్పండి. గర్భం కోరుకునేవారు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు గర్భనిరోధక మాత్రను మాత్రమే నమ్ముకోవద్దు.

చాలామందికి తెలియని సదుపాయం ఒకటుంది. మందు దుష్ప్రభావాన్ని రోగులే నేరుగా ప్రభుత్వానికి తెలియజేయొచ్చు. పని దినాల్లో 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయండి. దీన్ని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. మందు పేరు, బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ అడుగుతారు కాబట్టి పెన్ను డబ్బా పారేయకండి.