ఇంటి ముంగిలి – బాటసారి హక్కు

ప్రొద్దుటూరు పాత వీధుల్లో నడిచేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఇంటి గోడ తన హద్దులోనే ఉంటుంది. గుమ్మం ముందరి మెట్లు మాత్రం మురుగు కాలువ మీదికి దిగుతాయి. మెట్ల పక్కన బండి ఎక్కించేందుకు వాలుగా వేసిన బండ, ఆ పక్కన మల్లె పాదు, పాదు చుట్టూ ఇనుప కంచె. ఎదుటి ఇంటివారు మాత్రం తక్కువ తింటారా? చివరికి ఆ వీధిలో జనాజా వెళ్ళాలంటే భుజం మార్చుకునే చోటు కూడా మిగలదు.

పురపాలక సంఘం నుండి నోటీసు వచ్చినప్పుడు, "మా వాకిట్లో మేము పూలచెట్టు పెట్టుకోవడం కూడా నేరమేనా?" అని మమ్మల్ని అడిగేవారున్నారు. దస్తావేజులో రాసిన కొలత ముగిసిన చోటే మన వాకిలి ముగుస్తుంది. ఆ తరువాతిది బాటసారిది. ఒక జానెడు నేలను అన్యాయంగా కాజేసినవాడి మెడలో ప్రళయదినాన ఏడు భూముల భారం పడుతుందన్న దైవప్రవక్త (స) హెచ్చరికను మనం పొలం గట్ల తగాదాలకే చెప్పుకుంటున్నాము. వీధి కూడా నేలే. దారి వెడల్పుపై వివాదం వస్తే ఏడు మూరలు వదలాలని ఆయన (స) తీర్పు చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అంటే సుమారు పదిన్నర అడుగులు. మన సందుల్లో నేడు ఆ మాత్రమైనా మిగిలిందా?

మొక్కలు పెంచవద్దని ప్రభుత్వం అనడం లేదు. హద్దు లోపల పెంచమంటోంది. ప్లాను మంజూరు చేసేటప్పుడు ఇంటి చుట్టూ వదలమనే ఖాళీ స్థలం అందుకే. 2012లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన భవన నియమాలు 300 చదరపు మీటర్లు, అంటే సుమారు ఏడున్నర సెంట్లు మించిన స్థలంలో ప్రహరీ వెంబడి ఒక మీటరు వెడల్పున పచ్చదనం ఉండాలన్నాయి. దానిని పోషించనివారి ఆస్తి పన్నుపై ఏటా 10 శాతం అదనపు భారం కూడా విధించాయి. తరువాత 2017లో ఆంధ్రప్రదేశ్‌కు వేరుగా భవన నియమాలు వచ్చాయి. మన స్థలానికి ఎంత ఖాళీ వదలాలో వార్డు సచివాలయంలోని ప్రణాళికా కార్యదర్శిని అడిగి రాయించుకోవడం మేలు. మేస్త్రీ మాట మీద పునాది తీసి, తరువాత పరుగులు పెట్టేవారే మనలో ఎక్కువ.

జమ్మలమడుగు ప్రాంతం నాపరాళ్ళకు పుట్టినిల్లు. బండ చేతికందుబాటులో ఉండటంతో వాకిలి నుండి పెరటి దాకా అంగుళం మట్టి కనిపించకుండా పరిచేస్తున్నాము. చూపుకు బాగుంటుంది, ఊడ్చడం సులభం. కానీ వంద చదరపు మీటర్ల మిద్దెపై ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే వెయ్యి లీటర్ల నీరు! మట్టి లేనిచోట ఆ నీరంతా వీధిలోకి, అక్కడినుండి పల్లంలో ఉన్న పేదవాడి గుడిసెలోకి పోతుంది. వేసవిలో మన బోరు ఎండుతుంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఇంకుడుగుంతల గురించి పట్టుబట్టింది ఇందుకే. నాలుగు బండలు లేపి గుంత తీసి, కంకర, ఇసుక నింపి మిద్దె నీటి గొట్టాన్ని దానిలోకి మళ్ళిస్తే చాలు.

అదే చట్టం చెట్ల విషయమూ చెబుతుంది. కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నా, మన పెరటి చెట్టునైనా కొట్టేముందు నిర్ణీత అధికారి అనుమతి పొందాలి. కరెంటు తీగలకు తగిలే కొమ్మలను మనమే నరకబోకుండా విద్యుత్తు సిబ్బందికి తెలపాలి.

మరి మన వేపకొమ్మ పొరుగింటి మిద్దెపైకి వాలితే? అన్నదమ్ముల్లా మెలగిన ఇరుగుపొరుగు ఆకుల చెత్త దగ్గర సలాములు మానుకోవడం మేము చూశాము. హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా ఉస్మానియా ఖిలాఫత్ 1876 నాటికి పూర్తిచేసిన 'మజల్లా' న్యాయస్మృతిలో 1196వ అధికరణం అచ్చంగా దీని గురించే. పొరుగువాని గాలిలోకి వచ్చిన కొమ్మను కట్టించమనో కొట్టించమనో అడిగే హక్కు అతనికి ఉంది. అయితే నీడ పడి తన పైరు దెబ్బతింటోందన్న కారణంతో చెట్టునే కొట్టించే హక్కు లేదు. ఇంత చిన్న విషయంలోనూ ఎంత తూకం!

పులివెందుల కొత్త లేఅవుట్లలో సమస్య వేరు. కువైట్‌లో చెమటోడ్చి కొన్న ప్లాటు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటుంది. సర్కారు తుమ్మ అల్లుకుంటుంది, చెత్త చేరుతుంది, పాములు తిరుగుతాయి. ఆ కంపచెట్టు మనది కాదన్న సంగతి చాలామందికి తెలియదు. 1870లలో జమైకా నుండి విత్తనం తెప్పించి మన కమలాపురం ప్రాంతంలో నాటారు. దేశంలో దాని తొలి మడులలో అదొకటి. ఇప్పుడు రాయలసీమ అంతా అదే. ఖాళీ స్థలంలోని హానికరమైన పొదలను తొలగించమని, ప్రమాదకరమైన గుంతలకు కంచె కట్టమని యజమానిని ఆదేశించే అధికారం 1965 నాటి పురపాలక చట్టం కమిషనరుకు ఇచ్చింది. నోటీసు పాత చిరునామాకు వెళితే కువైట్‌లో ఉన్నవారికి ఏం తెలుస్తుంది? కనుక ప్రవాసంలో ఉన్న సోదరులు ఇక్కడి బంధువులలో ఒకరికి ఆ బాధ్యత అప్పగించి, సచివాలయంలో వారి ఫోన్ నంబరు ఇప్పించాలి.

నరికిన కంపను, రాలిన ఆకును ఏం చేయాలి? వీధి మూలలో తగులబెట్టడం మన అలవాటు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు దీనిని నిషేధించాయి. తోట చెత్తను మన ఆవరణలోనే విడిగా ఉంచి, పురపాలక సంఘం చెప్పిన విధంగా అప్పగించాలి. ఆ పొగ పక్కింటి ఉబ్బస రోగి గుండెల్లోకి పోతుందని ఎవరైనా ఆలోచించారా? ఆకులను గుంతలో వేసి మట్టి కప్పితే కొన్ని నెలల్లో మొక్కలకు ఎరువవుతుంది.

ఆరోగ్యశాఖ వారు శుక్రవారాన్ని 'డ్రై డే'గా పాటించమంటున్నారు. డెంగీ దోమ గుడ్డు పెద్ద దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి నీరు పారబోస్తే ఆ క్రమం తెగిపోతుంది. జుమా గుస్ల్‌కు ముందు పూలకుండీల కింది పళ్ళాలు, పక్షులకు పెట్టిన నీటి చిప్పలు, మిద్దెపై పడేసిన టైర్లు ఒకసారి చూడండి. చిప్పలను వట్టిగా వంచడమే కాదు, పీచుతో రుద్ది కడగాలి. అంచుకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బ్రతికే ఉంటాయి. కడిగిన తరువాత మళ్ళీ నింపిపెట్టండి. మన ఎండలకు పిచ్చుకలు ఆ చిప్ప కోసమే వస్తాయి.