క్రైమ్ సినిమా అంటే కన్నీళ్లా.. నవ్వులా? అన్నవరం వ్రతకథలోనే ఉంది అసలు క్లూ!

క్రైమ్ సినిమా అంటే శవం, రక్తం, చీకటి గది ఉండాల్సిందే అంటారు కొందరు. అదే కిడ్నాప్, అదే దొంగతనం పెట్టి కడుపుబ్బా నవ్వించొచ్చు కదా అంటారు ఇంకొందరు. ఓటీటీలో ఏ సినిమా పెట్టాలన్నా ఇంట్లో ఇదే పంచాయితీ. ఇంతకీ ఈ రెండింటికీ అసలు తేడా ఎక్కడుంది? నవ్వించే సినిమా నేరాన్ని తేలిక చేసేస్తుందా? ఓసారి చూద్దాం.

రత్నగిరిపై రోజూ వినిపించే క్రైమ్ కథ

అన్నవరం పేరుతో 2006లో పవన్ కల్యాణ్ సినిమా వచ్చింది. చెల్లెలి కోసం ఊరి నుంచి సిటీకి వచ్చి రౌడీల పని పట్టే అన్న కథ అది. కానీ అసలు అన్నవరంలో, రత్నగిరి కొండపై సత్యనారాయణ స్వామి సన్నిధిలో, రోజూ భక్తులు వినే వ్రతకథలో అంతకంటే గట్టి క్రైమ్ పాయింట్ ఒకటుంది.

సాధువు అనే వ్యాపారి వ్రతం చేస్తానని మొక్కుకుని వాయిదాలు వేస్తూ పోతాడు. అల్లుడితో కలిసి చంద్రకేతు మహారాజు రాజ్యానికి వ్యాపారానికి వెళ్తాడు. అదే సమయంలో రాజుగారి ధనాన్ని దొంగలు ఎత్తుకెళ్తారు. భటులు తరుముతుంటే ఆ సొమ్ము మామా అల్లుళ్ల దగ్గర పడేసి పారిపోతారు. ఇంకేముంది? విచారణ లేదు, సాక్ష్యం లేదు. ఇద్దరూ జైలుకు. ఇక్కడ ఇంట్లో ఉన్న ధనమూ దొంగల పాలై తల్లీకూతుళ్లు తిండికి కూడా అల్లాడిపోతారు.

ఇప్పటి భాషలో చెప్పాలంటే ఇది చేయని నేరానికి ఇరుక్కున్న మనిషి కథ. చాలా బరువైన కథ. అయితే అదే వ్యాపారి విడుదలై పడవలో వస్తుంటే, లోపల ఏముందని ఒక సన్యాసి అడుగుతాడు. ఎక్కడ ఇవ్వాల్సి వస్తుందోనని 'ఆకులూ అలములే స్వామీ' అని బొంకుతాడు. తీరా చూస్తే పడవలో నిజంగానే ఆకులూ అలములూ! వినేవాళ్లకు నవ్వొచ్చే ఘట్టం ఇది. జైలు, ఆకలి, నవ్వు.. మూడూ ఒకే కథలో ఉన్నాయన్నమాట.

ఒకే పాయింట్.. రెండు దారులు

మన సినిమాలూ ఈ రెండు దారుల్లోనే నడుస్తున్నాయి. 2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్' తీసుకోండి. విశాఖ నేపథ్యంలో, పోక్సో కేసులో ఇరికించిన ఓ కుర్రాడి కథ. 'స్టేట్ వర్సెస్ ఏ నోబడీ' అన్నది ట్యాగ్‌లైన్. అంటే ఎవరికీ పట్టని మనిషి మీద మొత్తం వ్యవస్థ అని. వ్యాపారిని కట్టి తీసుకెళ్లిన భటులు ఇక్కడ పోలీసులు, లాయర్ల రూపంలో కనిపిస్తారు.

ఇక 2019 క్రిస్మస్‌కు వచ్చిన 'మత్తు వదలరా'లోనూ ఇరుక్కునేది మామూలు మనిషే. జీతం చాలని డెలివరీ బాయ్. చిన్న మోసానికి దిగి పెద్ద కేసులో పడతాడు. పరిస్థితి భయంకరం, కానీ మనం నవ్వుతూనే ఉంటాం. పడవలో వ్యాపారి ఆడిన అబద్ధం లాంటిదే ఇది. తప్పు చిన్నది, పడ్డ శిక్ష పెద్దది.

సింపుల్‌గా చెప్పాలంటే.. సీరియస్ క్రైమ్ సినిమా 'ఆ మనిషిని ఏం చేశారు?' అని అడుగుతుంది. కామెడీ క్రైమ్ 'ఆ మనిషి ఏం చేసుకున్నాడు?' అని అడుగుతుంది.

గోదావరి డైరెక్టర్ల ముద్ర

ఈ రెండు దారుల్లోనూ గోదావరి జిల్లాల వాళ్లు ముందే ఉన్నారు. పసలపూడి వంశీ 1985లో 'అన్వేషణ' తీశారు. అడవి, వరుస మరణాలు, ఇళయరాజా సంగీతంతో వణికించిన సస్పెన్స్ సినిమా. మరుసటి ఏడాదే నరసాపురంలో పుట్టిన జంధ్యాల, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలతో 'చంటబ్బాయ్' తీశారు. అందులో చిరంజీవి డిటెక్టివ్. కేసులు ఉన్నా సినిమా అంతా నవ్వులే.

రామ్ గోపాల్ వర్మ అయితే ఒక్కరే రెండూ చేశారు. 1989లో 'శివ'తో సైకిల్ చైన్ తెంపించారు. 1991లో 'క్షణ క్షణం'తో బ్యాంకు దోపిడీ సొమ్ము చుట్టూ వెంకటేష్, శ్రీదేవిని పరిగెత్తించి నవ్వించారు. ఆయన నిర్మాతగా, శివనాగేశ్వరరావు డైరెక్షన్‌లో 1993లో 'మనీ' వచ్చింది. అప్పుల్లో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు డబ్బున్న ఇంటి ఇల్లాలిని కిడ్నాప్ చేస్తారు. ఆమె పోతే బాగుండని చూసే భర్తకు అది కలిసొచ్చినట్టవుతుంది. ఇక్కడ కిడ్నాపర్ల కంటే ఆ భర్తే అసలు విలన్.

నవ్విస్తే నేరం తేలికైపోతుందా?

చాలామంది అభ్యంతరం ఇదే. కానీ జాగ్రత్తగా చూస్తే విషయం తిరగబడుతుంది. సీరియస్ గ్యాంగ్‌స్టర్ సినిమాలో రౌడీకి స్లో మోషన్ ఉంటుంది, అదిరిపోయే బీజీఎం ఉంటుంది. అతనిలా ఉండాలని కుర్రాళ్లకు అనిపించొచ్చు. 'మనీ'లో బ్రహ్మానందం చేసిన ఖాన్ దాదాను చూసి మాత్రం ఎవరూ రౌడీ అవ్వాలనుకోరు! రౌడీయిజాన్ని వెకిలిగా చూపించడం కూడా ఒక దెబ్బే.

అలాగని కామెడీలన్నీ మంచివని కాదు. కిడ్నాప్ అయిన మనిషిని సామాను మూటలా అటూ ఇటూ విసిరి నవ్వించే సినిమాలు బోలెడు. అలాగే సీరియస్ సినిమాలన్నీ గొప్పవీ కావు. కొన్నింటిలో శవం కథ కోసం కాదు, షాక్ కోసం ఉంటుంది. 2025 మేలో నాని 'హిట్ 3' ఏ సర్టిఫికెట్‌తో వచ్చినప్పుడు, రక్తపాతం డోసు పెరిగిందన్న మాట గట్టిగానే వినిపించింది.

మరి మంచి క్రైమ్ సినిమాను గుర్తుపట్టేదెలా?

ఒక్క ప్రశ్న చాలు. సినిమా అయిపోయాక నష్టపోయిన మనిషి గుర్తున్నాడా? లేక దొంగ, పోలీసు మాత్రమే గుర్తున్నారా?

'దృశ్యం' (2014) ఈ పరీక్షలో పాసవుతుంది. వెంకటేష్ కుటుంబం తప్పించుకోవాలని మనమంతా కోరుకుంటాం. కానీ చివర్లో కొడుకు ఏమయ్యాడో చెప్పమని ఆ తల్లిదండ్రులు వచ్చి నిలబడితే గొంతు పట్టేస్తుంది. కొడుకు తప్పు చేశాడు, నిజమే. అయినా తల్లి తల్లే కదా.

కామెడీల్లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) కూడా పాసే. నెల్లూరు డిటెక్టివ్‌గా నవీన్ పోలిశెట్టి నవ్విస్తూనే, రైలు పట్టాల పక్కన దొరికే గుర్తుతెలియని శవాల దగ్గరకు తీసుకెళ్తాడు. పేరు లేని ఆ శవాలకూ ఒక ఇల్లు, ఎదురుచూసే మనుషులు ఉంటారని తెలిసేసరికి మన నవ్వు ఆగిపోతుంది.

ఇంట్లో పిల్లలుంటే ఇది చూసుకోండి

కామెడీ అని పేరున్నంత మాత్రాన పిల్లలకు సరిపోతుందని లేదు. 2024లో వచ్చిన సర్టిఫికేషన్ రూల్స్‌లో యూఏను మూడుగా విడదీశారు. యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. ఆ వయసు దాటని పిల్లలు సినిమా చూడాలా వద్దా అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవాలి. ఏ సర్టిఫికెట్ ఉంటే 18 నిండిన వాళ్లకే. ఓటీటీలోనూ ప్లే నొక్కే ముందు మూలన కనిపించే ఆ అంకెను ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.

వ్రతకథలో దొంగలు ఎవరో, వాళ్లేమయ్యారో ఎవరికీ గుర్తుండదు. వాళ్లకు పేర్లు కూడా లేవు. కానీ జైల్లో పడ్డ వాళ్ల కోసం ఇంటి దగ్గర ఎదురుచూసిన లీలావతి, కళావతి పేర్లు మాత్రం కొండ మీద ఇప్పటికీ రోజూ వినిపిస్తూనే ఉన్నాయి.