సరుకుల లెక్కలో చిన్న వ్యాపారికి మినహాయింపు

దేశాల మధ్య సాగే సరుకుల వ్యాపారపు లెక్కలకు చాలాకాలం కస్టమ్స్ పత్రాలే ఆధారం. సుంకం కోసం సరిహద్దులో దాఖలు చేసిన వివరాల నుంచే ఎగుమతి దిగుమతుల గణాంకాలు తయారయ్యేవి. 1993 జనవరి 1న యూరోపియన్ సముదాయ (నేటి యూరోపియన్ యూనియన్) సభ్యదేశాలు ఉమ్మడి మార్కెట్‌ను నెలకొల్పుకొని తమ మధ్య కస్టమ్స్ లాంఛనాలను ఎత్తివేయడంతో ఆ ఆధారం పోయింది. ఆ లోటు తీర్చడానికి ఇంట్రాస్టాట్ అనే విధానం వచ్చింది. దీని ప్రకారం సరుకు పంపిన సంస్థా, అందుకున్న సంస్థా ప్రతి నెలా తమ ప్రభుత్వానికి వివరాలు సమర్పించాలి.

ఆ వివరాలు కొద్దిపాటివి కావు. ప్రతి సరుకుకూ ఎనిమిది అంకెల కోడ్, విలువ, నికర బరువు రాయాలి. 2022 నుంచి ఎగుమతిదారు కొనుగోలుదారు వ్యాట్ సంఖ్యనూ, సరుకు పుట్టిన దేశాన్నీ కూడా తెలపాలి. ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో నడిచే దుకాణానికి ఇది మోయలేని భారం కనుక, ఏడాది వ్యాపారం నిర్ణీత విలువను దాటితేనే వివరాలు ఇవ్వాలన్న నిబంధన పెట్టారు. ఆ విలువే నివేదన పరిమితి. ఎగుమతులకూ దిగుమతులకూ దీన్ని ప్రతి దేశమూ విడివిడిగా నిర్ణయించుకుంటుంది. జర్మనీ 2025లో ఎగుమతుల పరిమితిని 5 లక్షల యూరోల నుంచి 10 లక్షలకూ, దిగుమతుల పరిమితిని 8 లక్షల నుంచి 30 లక్షలకూ పెంచింది.

ఇంతమందిని వదిలేసినా లెక్క చెడకపోవడానికి కారణం, వ్యాపార విలువలో అధికభాగం కొద్దిపాటి పెద్ద సంస్థల చేతుల్లోనే ఉండటం. అందుకే 2004 నాటి యూనియన్ చట్టం మొత్తం విలువలో కనీసం 97 శాతం నేరుగా నమోదు కావాలని కోరింది. దిగుమతుల విషయంలో దాన్ని తర్వాత 93 శాతానికి తగ్గించారు. మిగిలిన భాగాన్ని వ్యాట్ రిటర్నుల వంటి ఆధారాలతో అంచనా కడతారు.

అయితే అంచనా మొత్తాన్ని చెప్పగలిగినంత కచ్చితంగా వివరాన్ని చెప్పలేదు. గుంటూరు మిర్చి హాంబర్గ్ రేవులో దిగి సుంకం చెల్లిస్తే కస్టమ్స్ పత్రాల ద్వారా జర్మనీ దిగుమతిగా నమోదవుతుంది. అక్కడి చిన్న వ్యాపారి అందులో కొంత ఆస్ట్రియాలోని మరో చిన్న వ్యాపారికి అమ్మి, ఇద్దరూ తమ దేశాల పరిమితికి లోపలే ఉంటే, ఆ విలువ అంచనాలో కలిసిపోతుందే గాని అది మిర్చి అని ఎవరూ నివేదించరు. పైగా పరిమితులు దేశానికొక తీరుగా ఉండటం వల్ల ఒకే లావాదేవీ ఒకవైపు నమోదై, మరోవైపు అంచనాకే పరిమితం కావచ్చు. 2022 నుంచి ఎగుమతి వివరాలను సభ్యదేశాలు పరస్పరం పంచుకుంటున్నందున, దిగుమతిదారులపై భారం తగ్గించే వీలు కలిగింది.

చిన్న వ్యాపారికి ఊరట న్యాయమైనదే. కాని ఆ ఊరట వల్ల ఏర్పడే ఖాళీని అంచనాతో నింపినప్పుడు, పట్టికలో ఏ అంకె లెక్కించినదో, ఏది అంచనా వేసినదో స్పష్టంగా చెప్పడం గణాంక సంస్థల బాధ్యత. వాణిజ్య విధానాలు ఆ అంకెలనే నమ్ముకొని రూపొందుతాయి.