అశ్వకిశోరముల పందెము

గుఱ్ఱపు పందెముల మాట యెత్తగనే తల్లిదండ్రులు నొసలు చిట్లింతురని మేమెఱుగుదుము. పందెమొడ్డుటను మేమును మెచ్చువారము కాము. అయినను గుఱ్ఱమును చూచినపుడు పిల్లలడుగు ప్రశ్నలకు ఉత్తరము చెప్పుట ఉపాధ్యాయుని విధి కదా! చెన్నపట్టణమున సర్ థామస్ మన్రో విగ్రహము ముందు నిలిచి, "ఈ దొరగారి గుఱ్ఱమునకు జీను లేదే, రికాబులు లేవే!" యని ఆశ్చర్యపడని బాలుడుండడు. ఆ మన్రోయే 1792 తరువాత, బారామహలు కుంపిణీవారి వశమైన కాలమున, మన ధర్మపురిలో నివసించెను. ఆయన మద్రాసు గవర్నరుగా నున్నప్పుడే, 1824లో, హోసూరు చెంతనున్న మత్తిగిరిలో సైన్యమునకు గుఱ్ఱములను సిద్ధపఱచు శాల వెలసినది. ఆ ప్రాంతము 2004 వఱకు మన జిల్లాలోనిదే. లేతగుఱ్ఱములను తెచ్చి, మేపి, కళ్లెమునకు అలవాటు చేసి, బలిసిన పిమ్మట దళములకు పంపుట అట్టి శాలల పని. ఇప్పుడది ప్రభుత్వ పశుక్షేత్రము.

సామాన్యముగా సైన్యమువారు గుఱ్ఱమునకు నాలుగైదేండ్లు వచ్చువఱకు దానిపై పూర్తి బరువు మోపరు. అట్టి జంతువును రెండవయేటనే బరిలోనికి దింపు ఆచారమొకటి ఇంగ్లండులో పుట్టి లోకమంతట వ్యాపించినది. దాని కథయే మేము చెప్పదలచినది.

మొదట అచ్చటను ఇట్టి తొందర లేదు. రాజుగారి బహుమానము కొఱకు జరుగు పందెములలో ఆఱేండ్ల గుఱ్ఱములు పరుగెత్తెడివి. దూరము నాలుగు మైళ్లు. మీది బరువు 12 స్టోనులు, అనగా సుమారు 76 కిలోలు. అదియు ఒక్క పరుగుతో తీరదు. నడుమ కొంత విశ్రాంతినిచ్చి, అదే దినమున మరల మరల పరుగెత్తించెడివారు. ఓర్పే గుఱ్ఱమునకు పరీక్ష. తూర్పుదేశములనుండి తెచ్చిన బయర్లీ టర్కు, డార్లీ అరేబియను, గొడాల్ఫిను అరేబియను అను మూడు మగగుఱ్ఱముల సంతతియే థరోబ్రెడ్ జాతి. ఆ జాతిలో మిక్కిలి ప్రసిద్ధి గాంచిన ఎక్లిప్సు 1764లో పుట్టి, 1769 వఱకు, అనగా అయిదేండ్లు నిండువఱకు, పందెపు బరి మొగమే యెఱుగదు. ఆ పిమ్మట దాని కోటమి యనునదియే లేదు.

ఎక్లిప్సు కాలముననే పద్ధతి మాఱసాగినది. 1776లో డాంకాస్టరు పట్టణమున మూడేండ్ల గుఱ్ఱములకు సెయింట్ లెజరు పందెమును, 1779లో ఎప్సమున ఓక్సును, 1780లో డర్బీని ఏర్పఱచిరి. దూరము రెండు మైళ్లకు, డర్బీ తొలి సంవత్సరములలో ఒక్క మైలుకు దిగినది. తరువాత 1786లో న్యూమార్కెట్టున జూలై స్టేక్సు ఆరంభమైనది. ఇది రెండేండ్ల కిశోరములకు మాత్రమే. బ్రిటనులో ఆ యీడు గుఱ్ఱములకు నేటికిని జరుగుచున్న పందెములలో ఇదియే మిక్కిలి పాతది. నేడు దీని దూరము ఆఱు ఫర్లాంగులు, ఇంచుమించు 1,200 మీటర్లు. నిమిషమున్నర లోపల అంతయు ముగియును. కిశోరమనగా గుఱ్ఱపుపిల్లయని అమరకోశము చెప్పుచున్నది. ఆ మాటనే మనము మన బాలురకును వాడుచున్నాము.

స్టేక్సు అనగా యజమానులు తలకింత అని కట్టిన పైకము. అందఱి పైకమును కలిపి గెలిచినవానికిత్తురు. ఈ తొందరకు మూలమును ఇచ్చటనే వెదుకవలెను. గుఱ్ఱమును అయిదేండ్లు మేపుటకు గింజలు, గడ్డి, సైసుల జీతములు ఎంతయగునో లెక్కించుకొనుడు. రెండవయేటనే దానిని పరుగెత్తించినచో పెట్టుబడి త్వరగా తిరిగివచ్చును; గెలిచినదాని వెల వెంటనే పెరుగును. ఓడినదానిని అమ్మివేయవచ్చును. పొట్టి పరుగు కనుక లేత ప్రాణికి శ్రమ తక్కువయని సమర్థించుకొనుటయు సులభమే. కోరినది గుఱ్ఱము కాదు, యజమాని.

దారి తెఱచుకొన్న పిమ్మట ఇట్టి పందెములు వరుసగా వచ్చినవి: 1843లో యాస్కటున న్యూ స్టేక్సు (1973 నుండి దానికి నార్ఫోకు స్టేక్సని పేరు), 1846లో యార్కున గిమ్‌క్రాకు స్టేక్సు, 1866లో న్యూమార్కెట్టున మిడిల్ పార్కు స్టేక్సు. గిమ్‌క్రాకు అను పొట్టి బూడిదవన్నె గుఱ్ఱము ఎన్నో పందెములు గెలిచినది గాని యార్కులో మాత్రము గెలువలేదు. ఆ యూరివారు దాని పేరనే పందెము పెట్టుకొనుట వింత!

పందెములు మన నాటికిని వచ్చినవి. చెన్నపట్టణమున గిండీలో 1777నాడే గుఱ్ఱపు పరుగులు మొదలైనవి; మద్రాసు రేసు క్లబ్బు 1896లో ఏర్పడినది. ఎన్నో కుటుంబములు చితికిపోవుటను చూచి తమిళనాడు ప్రభుత్వము 1974లో నిషేధ శాసనము చేసెను. ఈ పందెము అదృష్టముపై కాక నేర్పుపై ఆధారపడినదని 1996లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వము గిండీ భూమిని స్వాధీనపఱచుకొన్నది. నేర్పు గుఱ్ఱమునకును రౌతుకును ఉండవచ్చును. చీటి కొన్నవానికెంత యుండునో మాకు తెలియదు.

ఇక వయస్సు సంగతి. ఉత్తరార్ధగోళమున పుట్టిన పందెపు గుఱ్ఱములన్నిటికిని జన్మదినము జనవరి 1. పూర్వము ఇంగ్లండులో అది మే 1గా నుండెను. 19వ శతాబ్దిలో మార్చిరి. ఫిబ్రవరిలో పుట్టిన పిల్లయు, మే నెలాఖరున పుట్టిన పిల్లయు కాగితముపై ఒక్క యీడువే. బరిలో మాత్రము మూడు నెలల పైచిలుకు తేడా యుండును. నాలుగేండ్ల గుఱ్ఱములలో అది కనబడదు. రెండేండ్లవానిలో కొట్టవచ్చినట్లు కనబడును. కావుననే పెంచువారు ఏటి మొదటనే ఈనునట్లు జాగ్రత్తపడుదురు.

ఈ లెక్క మాకు క్రొత్త కాదు. మా తరమువారిలో పలువురి జన్మదినము పాఠశాల రిజిస్టరులోనే పుట్టినది. పిల్లవాని చేయి తలమీదుగా చెవికందినచో అయిదేండ్లని వ్రాసికొని, జూనులో నొక తేదీ వేసెడివారు. ఇప్పుడు జనన పత్రము వచ్చి ఆ పని తప్పినది. అయినను ఒకే తరగతిలో జూనులో పుట్టిన బిడ్డయు, మఱుసటి మేలో పుట్టిన బిడ్డయు ప్రక్కప్రక్కనే కూర్చుందురు. మొదటి బిడ్డకు తెలుగు, తమిళము, ఇంగ్లీషు లిపులు మూడును పట్టుబడగా, రెండవ బిడ్డ ఒక్కదానితోనే పెనుగులాడుచుండును. "మావాడు మందమతియా, అయ్యా?" అని తల్లి వచ్చి అడుగును. పుట్టిన నెల యేదియని మేము మొదట అడుగుదుము.

లేతగుఱ్ఱములను పరుగెత్తించుట క్రూరమా యను వాదము ఇంకను తెగలేదు. ముంగాలి మోకాటి యెముకల పెరుగుదల రెండు, రెండున్నరయేండ్లకు గాని ముగియదు. వెన్నెముకకు ఇంకను చాల కాలము పట్టును. కొందఱు శిక్షకులు ఎక్సురే తీయించి, ఎముక కుదిరిన పిమ్మటనే వడిగా పరుగెత్తింతురు. మితమైన పరుగు లేతయెముకను గట్టిపఱచునని పశువైద్య పరిశోధకులు చెప్పుచున్నారు. కదలనీయక కట్టివేయుటయు మంచిది కాదట. అది మేమును ఒప్పుకొందుము.

ఫలితములు చూచినను రెండు తీరులును కనబడును. మిల్ రీఫ్ అను గుఱ్ఱము 1970లో రెండవయేట గిమ్‌క్రాకు స్టేక్సును గెలిచి, మఱుసటియేడు డర్బీని గెలిచినది. 1973లో డర్బీని గెలిచినది మార్‌స్టను. అది రెండవయేట ఒక్క పందెమునందైనను పాల్గొనలేదు.